బురుజుకిచ్చిన చెయ్యి

1వ రోజు

ఈ పుస్తకంలో రోజుకు ఎన్ని బిందెల నీళ్ళు దిగాయో మాత్రమే రాయాలట. నాకు ముందు ఇక్కడ పనిచేసిన ఓబులేసు తొమ్మిదేళ్ళూ అలాగే రాశాడు. పేజీ నిండా అంకెలే, ఒక్క మాట కూడా లేదు. నాకలా చేతకాదు.

నా పేరు హైమ. ముప్పై ఆరేళ్ళు. రేవునగరంలో కొంత మేర కప్పిన చలువపందిరికి చల్లగాలి పంపే పలకలు బాగుచేసేదాన్ని. పని పందిరి కింద, పడుకోవడం మాత్రం పందిరి బయట ఎండవాడలో. చెల్లెలు సరోజ, మరిది కూడా అక్కడే ఉండేవారు. ఆ వేడికి సరోజకు రెండుసార్లు కడుపు పోయింది. మెట్టనాడుకు వెళ్ళి ఏడాది పనిచేసే మనిషి ఇంటివాళ్ళకు పందిరి కింద గది ఇస్తారని విన్నాను. పేరు రాయించాను. ఏడాది పూర్తిచేసి, తర్వాతి మనిషికి పని అప్పగిస్తే గది శాశ్వతం. మధ్యలో వదిలి వస్తే గది పోతుంది.

లారీ నన్ను పొద్దున్నే ఇక్కడ దించింది. ఊళ్ళో అరవై నాలుగు ఇళ్ళు. మధ్యలో రాతి బురుజు, దాని మీద తెరిచిన మూతలు, వాటి కింద పలకలు. ఓబులేసుకు యాభై దాటి ఉంటాయి. సంచి సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు.

"పొద్దు పొడిసినంక గంటలోపల చెయ్యి పెట్టల్ల," అన్నాడు, గోడలో ఉన్న ఇనుప రేకు చూపించి. "పెట్టకుంటే మూతలు మూసుకోవు. రాత్రంతా పలకలు పీల్చిన తేమ గాలికి పోతాది. ఆ పొద్దు ఊరికి నీళ్ళుండవు."

"ఎవరి చెయ్యయినా పరవాలేదా?"

"నీదొకటే. ఈ పొద్దుట్నుంచి నీదొకటే. వలస కార్యాలయమోళ్ళు అనుమతిస్తే తప్ప ఈ రేకు ఇంకో చెయ్యికి పలకదు."

ముందు అతని చెయ్యి, దాని పక్కన నా చెయ్యి పెట్టాం. రేకు రెండుసార్లు వెచ్చబడింది. అంతే. అతను చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు. లారీ ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. పెద్దగా నవ్వుతున్నాడు. ఒంటరిగా నవ్వుకునే మనిషి నవ్వు అది.

ఊరిపెద్ద గంగులమ్మ నన్ను ఇంటికి తీసుకెళ్ళి సంగటి పెట్టింది. అరవై ఏళ్ళ మనిషి. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని నా చేతినే చూస్తోంది.

19వ రోజు. యాభై ఒక్క బిందెలు.

పని కష్టం కాదు. తెల్లవారగానే లేవాలి, చెయ్యి పెట్టాలి. మూతలు దిగుతాయి, ఎండ కాస్తుంది, లోపల పలకలు చెమర్చి తొట్టెలోకి నీళ్ళు జారతాయి. మధ్యాహ్నం పలకలు తుడవాలి. సాయంత్రం మూతలు వాటంతటవే తెరుచుకుంటాయి.

నిన్న పక్క గుట్ట దాకా నడిచి వద్దామని బయలుదేరాను. దారిలో ముగ్గురు అడిగారు, యాడికి అని. గుట్ట మీదికి అంటే ముగ్గురూ ఒకే మాట అన్నారు: "తెల్లారేసరికి వచ్చేస్తువు గదా?" ఎవరూ ఆపలేదు. కాలు జారితే ఎలాగన్న ఆలోచన నాకే వచ్చింది. సగం దారిలో వెనక్కి తిరిగాను.

46వ రోజు

పక్షానికోసారి వచ్చే లారీలోంచి ఓబులేసు దిగాడు. అదే సంచి, అదే పంచె.

పరుగెత్తుకెళ్ళాను. "ఏమైంది?"

"ఏం కాల్యా."

"మరి ఎందుకొచ్చారు?"

"తొమ్మిదేండ్లు పోవాల పోవాల అని ఎదురుసూస్తి. పోతి. సూస్తి. అయిపోయె."

"నగరం బాగాలేదా?"

"బాగుంది. సల్లగుంది." సంచి భుజం మార్చుకుని, "సల్లగుందిలే," అన్నాడు మళ్ళీ.

వాగువంక దగ్గర రాళ్ళు ఏరి పారేసి వేరుశనగ వేసుకుంటాడట. నాకు ఒళ్ళు మండింది. ఇతను వెళ్ళి చూసి రావడానికి వీలయింది. ఎందుకంటే సంకెల విప్పి నా చేతికి తగిలించాడు. చూసొచ్చిన మనిషికి ఉండిపోవడం తేలిక. ఆ మాట అతని ముఖం మీదే అన్నాను.

అతను కోప్పడలేదు. "అవును," అన్నాడు.

120వ రోజు. నలభై ఏడు బిందెలు.

రాజధానిలోని వలస కార్యాలయం నుంచి ప్రశ్నల కాగితం వచ్చింది. ఊరిలో ప్రతి ఒక్కరూ నింపాలి. ప్రశ్నలు రెండే. మీరు మెట్టనాడుకు ఎందుకు వచ్చారు? ఎందుకు ఉండిపోయారు?

మా పక్కింటి జమీల్ గారికి కళ్ళు సరిగా ఆనవు. ఆరేళ్ళ కిందట రేవునగరం నుంచే వచ్చారు. దర్జీ. ఆయన చెబుతుంటే నేను రాయడానికి కూర్చున్నాను.

"గాలి బాగుందని రాయమ్మా. వాళ్ళకి అది చాలు."

"నిజంగా అదేనా?"

ఆయన నవ్వారు. "పందిరి కింద బట్టలు మిషను అచ్చు పోస్తుంది కదమ్మా. చిరగవు. పాతబడితే పారేస్తారు. పదకొండేళ్ళు సూది ముట్టుకోకుండా కూర్చున్నాను. ఇక్కడ ముళ్ళున్నాయి, మేకలున్నాయి, రాళ్ళున్నాయి. ఇక్కడ బట్టలు చిరుగుతాయమ్మా!"

ఆ మాట అలాగే రాశాను. కాగితాలు పోగుచేసిన గంగులమ్మ అది చదివి కొట్టేసింది. పైన 'గాలి బాగుంది' అని రాసింది.

"అట్లాంటివి రాస్తే వాళ్ళకు అర్థం కాదు పాపా," అంది.

నా కాగితంలో రెండో ప్రశ్న ఖాళీగా వదిలేశాను. నేను ఉండిపోలేదు. ఏడాదికి వచ్చాను.

171వ రోజు

లారీ డ్రైవరు దగ్గర ఉండే మాటల పెట్టెలో సరోజ గొంతు. "అక్కా, రెండో నెల. డాక్టరు ఈసారి భయం లేదంది. పందిరి కింద ఉన్నాం కదా. నీ ఏడాది అయిన పదిహేను రోజులకి నొప్పులొస్తాయట, లెక్క వేశాను. నువ్వు పక్కన లేకపోతే నేను కనను, చెబుతున్నా."

మూడుసార్లు విన్నాను. డ్రైవరు గడియారం చూసుకుంటున్నా వదల్లేదు. అమ్మ పోయినప్పుడు సరోజకు ఆరేళ్ళు, నాకు పదిహేను. దాని జడలు నేనే వేశాను.

రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూట తొంభై నాలుగు.

212వ రోజు

ఈ రోజు గురించి నాకు సగమే తెలుసు. మిగతా సగం జమీల్ గారు చెప్పారు.

మూడు రోజులుగా జ్వరం. తెల్లవారుజామున లేవబోతే కాళ్ళు నిలవలేదు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆకాశం కదులుతోంది. మంచంతో సహా నలుగురు మోసుకెళ్తున్నారు. నెమ్మదిగా, కుదుపు లేకుండా. ఎవరో నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నారు. ఒకావిడ ఏడుస్తోంది.

బురుజు దగ్గర మంచం దించారు. గంగులమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఎంతో మెత్తగా. నా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, అరచేతిని ఇనుము మీద పెట్టి, పైన తన చెయ్యి ఒత్తింది. రేకు వెచ్చబడింది. మూతలు దిగిన చప్పుడు విని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

తర్వాత నాకు గంజి తాగించారు. వంతులు వేసుకుని కాళ్ళు పట్టారు. ఇంత ప్రేమగా నన్ను ఎవరూ చూసుకోలేదు, నిజం. కానీ నేను లేకుండానే నా చెయ్యి పనిచేసింది.

338వ రోజు

లారీలో నా పేరిట ఉత్తరం. నా బదులు మనిషి ఏ తేదీకి వస్తున్నదీ రాసి ఉంటుందనుకున్నాను.

'మీరు ఇష్టపూర్వకంగా మెట్టనాడులో ఉండిపోవాలని నిర్ణయించుకున్నందుకు సంతోషం. మీ ఊరి కమిటీ తెలిపిన ప్రకారం, బురుజు బాధ్యత మీకే కొనసాగించడమైనది.'

ఉత్తరం పట్టుకుని గంగులమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె అరుగు మీద కంది బేడలు చెరుగుతోంది.

"ఇది ఎవరు రాశారు?"

చేట ఆపింది. అబద్ధం చెబుతుందనుకున్నాను.

"నేనే రాస్తి."

"ఎందుకు?"

"నువ్వు కాగితంలో ఖాళీ వదిలేస్తివి గదా. ఆ ఖాళీలో రాస్తి. తిరగ వాళ్ళు ఎనిమిదో నెల్లో అడిగిరి, మనిషిని మార్చల్నా అని. వద్దు, ఈ పాపకు ఇష్టమే అని రాస్తి."

"నా చెల్లెలికి పురుడు! మీకు తెలుసు. నేనే చెప్పాను మీకు!"

"తెలుసు." ఆమె చేట పక్కన పెట్టింది. "కూసో. కూసోకుంటే నిలబడే విను. ఈ ఊరు పక్కన మూడు ఊర్లుండె. ఒక ఊర్లో బురుజు మనిషి ఇష్టం ల్యా అని రాసె. ఇంకొకర్ని పంపిరి, ఆయప్పా అట్లే రాసె. మూడోసారికి ఏం చేసినారో తెల్సునా? ఈ ఊర్లో ఉండేదానికి జనానికి ఇష్టం ల్యా అని రాసుకోని బురుజు పలకలు పీక్కపోయినారు. లారీ నిలిపేసినారు. మూడూ అంతే. నాకు అరవై నాలుగిండ్లు పాపా."

"అందుకని నన్ను కట్టేస్తారా?"

"ఓబులేసునూ తొమ్మిదేండ్లు అట్లే కట్టేస్తిని," అంది గంగులమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. "నాకేమన్నా బాగుంటుందనుకుంటివా?"

ఆమె చెప్పిందాంట్లో నేను కాదనగలిగింది ఏదీ లేదు. అదే ఎక్కువ బాధ.

341వ రోజు. బిందెలు లేవు.

ఈ రోజు చెయ్యి పెట్టలేదు.

పొద్దు పొడిచే వేళకు బురుజు దగ్గరికే వెళ్ళాను. గోడకు వీపు ఆనించి, చేతులు చంకల్లో దాచుకుని కూర్చున్నాను. బిందెలు తీసుకుని జనం వచ్చారు. మూతలు తెరిచే ఉండటం చూశారు. ఎవరైనా తిడతారని, జుట్టు పట్టి లాగుతారని అనుకున్నాను. జ్వరంలో ఉన్నప్పుడు పట్టుకున్నట్టు చెయ్యి పట్టుకుంటే కొరకడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. ఎవరూ రాలేదు. బిందెలు వరసగా దించి, దూరంగా నేల మీద కూర్చున్నారు. ఎండ పలకల మీదికి పాకుతోంది.

జమీల్ గారు ఒక్కరే లేచి వచ్చారు. బతిమాలతారనుకున్నాను. వంగి, కళ్ళు చికిలించి నా జాకెట్టు చెయ్యి చూసి, "చంక దగ్గర కుట్టు ఊడిందమ్మా, సాయంత్రం ఇయ్యి," అని వెళ్ళి కూర్చున్నారు.

ఏడుపొచ్చింది. అయినా చెయ్యి తియ్యలేదు.

గంట గడిచింది. పలకల మీది తేమ పల్చటి పొగలా లేచి పోతుంటే అందరం చూశాం. అరవై నాలుగిళ్ళ నీళ్ళు.

అప్పుడు వంక వైపు నుంచి ఓబులేసు వచ్చాడు. మట్టి చేతులు. నేరుగా గంగులమ్మ ముందు నిలబడ్డాడు.

"నిజం రాయి పెద్దమ్మా. ఈ పాపకు ఇష్టం ల్యా అని రాయి. కిందనే ఇంకొకటి రాయి. ఈ బురుజుకు రెండో చెయ్యి కావాలని. నాది."

"నువ్వు మళ్ళా ఆ ఇనుము ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంటివి గదరా."

"ఒట్టే." మట్టి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "దాని పక్కన నడిచినా ఒళ్ళు జలదరిస్తాది నాకు. అయినా ఒంటి చెయ్యి అయితే సంకెల. రెండైతే పని. నెల నాది, నెల ఈ పాపది. ఆ మాట తొమ్మిదేండ్ల కిందట నేనే అడగాల్సింది. బయపడితి."

"వాళ్ళు మన ఊరినీ లెక్కలోంచి కొట్టేస్తే?" అని ఎవరో అన్నారు.

గంగులమ్మ కొంగు సవరించుకుని లేచింది. "కాగితం తేపోండి," అంది.

ఆమె రాస్తుంటే పక్కనే నిలబడి చదివాను. 'హైమకు ఉండటం ఇష్టం లేదు. ఇంతకు ముందు ఇష్టమని రాసింది అబద్ధం. రాసింది నేను.' కింద సంతకం. ఓబులేసు గురించి మూడు వాక్యాలు. ఆ కింద, ఎవరూ చెప్పకుండానే, ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తాము ఎందుకు ఉండిపోయారో రాశారు. గాలి బాగుందని ఒక్కరూ రాయలేదు. జమీల్ గారి మాట ఈసారి కొట్టేయలేదు.

రేపు ఉదయం చెయ్యి పెడతాను. ఉత్తరం వెళ్ళి జవాబు వచ్చేదాకా పెట్టక తప్పదు.

379వ రోజు

జవాబు లేదు. లారీలో మాటల పెట్టె మాత్రం వచ్చింది.

ముందు ఏడుపు. పసిదాని ఏడుపు, సన్నగా, కోపంగా. తర్వాత మరిది గొంతు: "ఆడపిల్ల, అక్కయ్యా. ఇద్దరూ క్షేమం." సరోజ మాట్లాడలేదు. పెట్టె ఆగిపోయేముందు దాని ఊపిరి మాత్రం వినపడింది. నాకు తెలుసు ఆ ఊపిరి. అలిగినప్పుడు అలాగే తీస్తుంది.

ఈ రోజు ఎన్ని బిందెలో లెక్కపెట్టలేదు.

403వ రోజు

అనుమతి వచ్చింది. రెండో చెయ్యికి ఒప్పుకున్నారు. ఊరిని కొట్టేసే మాట ఉత్తరంలో లేదు. మూడేళ్ళ తర్వాత మళ్ళీ పరిశీలిస్తారట. నా ఏడాది పూర్తయినట్టే లెక్క. సరోజ గది శాశ్వతం. నేను తిరిగి రానక్కరలేదని కూడా రాశారు. నేను రాకపోతే ఓబులేసు చెయ్యి ఒక్కటే మిగులుతుంది. ఆ సంగతి రాయలేదు.

ఓబులేసు రేకు ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు. నేను పక్కన చెయ్యి పెట్టాను. అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"రాకున్నా ఏం అనుకోను," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

412వ రోజు, రేవునగరం

పసిదానికి సరోజ ముక్కు వచ్చింది. ఒళ్ళో పెట్టుకుంటే నా వేలు పట్టుకుని వదలదు. మొదటి రెండు రోజులు సరోజ నాతో ముభావంగా ఉంది. మూడో రోజు పొద్దున నా ఎదురుగా వచ్చి కూర్చుని, జడ వెయ్యమని దువ్వెన ఇచ్చింది.

ఇక్కడ చల్లగా ఉంది. ఓబులేసు ఆ మాట ఎందుకు రెండుసార్లు అన్నాడో ఇప్పుడు అర్థమవుతోంది. చల్లగానే ఉంది.

రోజూ తెల్లవారగానే ఉలిక్కిపడి లేస్తున్నాను. నా చెయ్యి దానంతట అదే గోడను తడుముతోంది. ఊరి మీద బెంగా ఇది, లేక నాలో మిగిలిన సంకెలా? తెలియడం లేదు.

నేను ముందు పనిచేసిన చోటివాళ్ళు పాత పని ఇస్తామన్నారు. ఒకరోజు వెళ్ళి చేశాను. నేలమాళిగలో నాలుగు వందల పలకలు తుడిచాను. ఆ గాలి ఎవరి గదికి పోతుందో అడిగితే పక్కనున్నాయన వింతగా చూశాడు. మెట్టనాడులో అయితే సొట్టబిందె చూస్తే జమీల్ గారిదని చెప్పగలను.

428వ రోజు

తిరిగి వెళ్తానని సరోజకు చెప్పాను. అది పాపకు పాలిస్తూ తల ఎత్తలేదు.

"నా కోసం వెళ్ళావు. నా కోసం ఉండలేవా అక్కా?"

"నెల మార్చి నెల వస్తాను. ఇక ఎవరూ ఆపలేరు."

"అది నేనడిగినదానికి జవాబు కాదు."

కాదు. జవాబు ఉంటే ముందు దానికే చెప్పేదాన్ని. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది, పాపను మాత్రం నా చేతికివ్వలేదు.

431వ రోజు

మిట్టమధ్యాహ్నం లారీ దిగాను. బురుజు మూతలు మూసి ఉన్నాయి. లోపల నీళ్ళు జారుతున్న చప్పుడు. ఓబులేసు పలకలు తుడుస్తున్నాడు. నన్ను చూసి, "వస్తివా," అని మళ్ళీ పనిలో పడ్డాడు. ఈ నెల అతనిది. ఇంకా రెండు రోజుల దాకా నేను ఆ ఇనుమును ముట్టుకోనక్కరలేదు. పక్క గుట్ట దాటి, దాని అవతలి గుట్ట కూడా దాటి, అక్కడే పడుకుని రావచ్చు. యాడికి అని ఎవరూ అడగలేదు.

సంచి పట్టుకుని నిలబడిపోయాను. ఎటు వెళ్ళాలో తోచలేదు. నేను ఫలానా చోట ఉండాలని ఎవరూ అనుకోని మొదటి మధ్యాహ్నం ఇది.

గంగులమ్మ గుమ్మంలోంచి పిలిచింది. "ఏం పాపా, ఎండలో ఏంటికి నిలబడితివి? సంగటి దించినా, రా."

ఆమె ఇంటి మెట్టు దగ్గరికి వెళ్ళాను, లోపలికి అడుగు పెట్టలేదు.

"పెద్దమ్మా, ఒకటి చెప్పాలి. పాప పుట్టినప్పుడు నేను లేను. దానికి మీరే కారణం. ఆ కోపం నాకు పోలేదు. పోతుందని కూడా అనుకోవడం లేదు."

ఆమె నా వైపే చూసింది. క్షమించమని అడగలేదు. పీట వాల్చి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టింది.

"పోకుంటే ఉండనీలే," అంది. "ఆ కోపానికీ కలిపే చేసినా సంగటి. తిను."

చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి కూర్చున్నాను.